అయిదు పుస్తకాల త్రయం

ఒక గురువారం పొద్దున ఆర్థర్ డెంట్ అనే మామూలు ఇంగ్లీషువాడి ఇంటి మీదికి బుల్డోజర్ వస్తుంది. బైపాస్ రోడ్డు వేయాలి, ఇల్లు అడ్డమొచ్చింది. ముందే చెప్పొచ్చు కదా అంటే, ప్లాను ఎప్పుడో అందరూ చూడ్డానికి పెట్టాం, అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పుకోవలసింది అంటాడు అధికారి. పెట్టిన మాట నిజమే. ఆఫీసు నేలమాళిగలో, వాడకం మానేసిన మరుగుదొడ్డిలో, తాళం వేసిన బీరువాలో పెట్టారు. ఆ తగువు తెమలకముందే ఆకాశం నిండా అంతరిక్ష నౌకలు దిగుతాయి. నక్షత్రాల మధ్య బైపాస్ వేస్తున్నాం, మీ భూమి అడ్డమొచ్చింది, ప్లాన్లు 50 ఏళ్ళుగా ఆల్ఫా సెంటారీలో ఉన్నాయి, వెళ్ళి చూసుకోకపోతే మా తప్పు కాదని మైకులో చెబుతారు. ఇంకో రెండు నిమిషాలకి భూమి లేదు.

శ్రీశైలం ముంపు గ్రామాల సంగతులు పెద్దల నోట విన్నవాళ్ళూ, పంచాయతీ గోడకి భూసేకరణ నోటీసు ఎప్పుడు అంటించారో ఎప్పుడు చిరిగిపోయిందో తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళూ మన దగ్గర తక్కువేం కాదు. ఈ మొదటి అధ్యాయాలు అర్థం కావడానికి వాళ్ళకి సైన్సు అక్కర్లేదు. డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ద హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ' ఇలా మొదలవుతుంది. ఇంత సూటిగా మొదలైన ఈ పుస్తకాల వరస మీద మాత్రం పాఠకులు ఇన్ని దశాబ్దాలైనా ఒక మాట మీదికి రాలేదు.

1978 మార్చి 8 రాత్రి పదిన్నరకి బీబీసీ రేడియో 4లో ఇది నాటికగా మొదలైంది. జనం రేడియో వినే వేళ కాదది. అయినా నోటి మాట మీదే పేరొచ్చింది. 1979 అక్టోబరులో పాన్ బుక్స్ నవలగా వేస్తే మొదటి మూడు నెలల్లోనే 2.5 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. 1980లో 'ద రెస్టారెంట్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ద యూనివర్స్', 1982లో 'లైఫ్, ద యూనివర్స్ అండ్ ఎవ్రీథింగ్', 1984లో 'సో లాంగ్, అండ్ థాంక్స్ ఫర్ ఆల్ ద ఫిష్', ఎనిమిదేళ్ళు గడిచాక 1992లో 'మోస్ట్‌లీ హార్మ్‌లెస్' వచ్చాయి. మూడు పుస్తకాలతో త్రయం అనిపించుకున్నది అయిదుకి చేరినా త్రయం అనే పేరు మారలేదు. ఆ పేరు రోజురోజుకీ అబద్ధమైపోతోందని పుస్తకం అట్ట మీదే ఎగతాళి చేసుకున్నారు. 2001 మే 11న కాలిఫోర్నియాలో గుండెపోటుతో ఆడమ్స్ పోయాడు. వయసు 49.

2003లో బీబీసీ 'బిగ్ రీడ్' పేరుతో బ్రిటిష్ పాఠకుల ఓట్లు అడిగితే మొదటి పుస్తకానికి నాలుగో స్థానం దక్కింది. దాని మీద తగువు లేదు. ఇష్టపడేవాళ్ళు ఇష్టపడతారు, ఇందులో నవ్వాల్సిందేముందనేవాళ్ళు పాతిక పేజీల్లోనే పక్కన పెట్టేస్తారు. అసలు తగువు ఇష్టపడేవాళ్ళ మధ్యే. ఎక్కడ ఆపాలి? రెండో పుస్తకంతోనే వదిలేయమని కొందరు. నాలుగో పుస్తకం చివర సుఖాంతంగా మూసేయమని కొందరు. అయిదోది చదివి నాలుగు రోజులు మనసు పాడైపోయిందని చెప్పేవాళ్ళున్నారు, ఆ అయిదోదే అన్నిటికన్నా నిజాయితీ ఉన్న పుస్తకమని వాదించేవాళ్ళూ ఉన్నారు.

ఈ వాదనలన్నిటికీ మూలం ఒకచోటే ఉందని నాకనిపిస్తుంది. ఈ కథ పుట్టింది ఒక గొంతుగా. గైడ్ అంటే విశ్వంలో చేతిలో డబ్బులేకుండా తిరిగేవాళ్ళ కోసం తయారైన ఎలక్ట్రానిక్ చేతిపుస్తకం. కంగారు పడొద్దని అట్ట మీద పెద్ద అక్షరాలుంటాయి. రేడియోలో పీటర్ జోన్స్ అనే నటుడు దానికి గొంతిచ్చాడు. భూమి బద్దలైనా, నౌక పేలబోతున్నా ఆ గొంతు హెచ్చదు. కథ నడుస్తుండగా అడ్డమొచ్చి తువాలు ఎందుకు వెంట ఉంచుకోవాలో, భూమిని కూల్చిన వోగన్ల కవిత్వం విశ్వంలో ఎన్నో స్థానంలో ఉన్న చెత్త కవిత్వమో తాపీగా చెబుతుంది. శ్రోతలు ప్రేమించింది ఆర్థర్‌ని కాదు, ఆ గొంతుని. నవలల్లో ఆ గొంతు నిండుగా ఉన్నచోట పాఠకులు సంతోషించారు. పలచబడిన కొద్దీ సణుగుడు మొదలైంది. ఏ పుస్తకం మీద ఎంత గొడవ ఉందో ఈ ఒక్క కొలతతోనే దాదాపు చెప్పేయొచ్చు.

కథే లేదన్నది అన్నిటికన్నా పాత ఫిర్యాదు. అది అబద్ధం కాదు. రేడియోకి వారం వారం రాసిన సరుకిది. ఈ వారం హీరోలని చావు అంచున వదిలేస్తే వచ్చే వారం ఎలా బతికించాలో అప్పుడు చూసుకునేవాడు ఆడమ్స్. అంతరిక్షంలోకి విసిరేసిన ఆర్థర్‌నీ అతని స్నేహితుడు ఫోర్డ్‌నీ ఎవరో కాపాడడానికి ఉన్న అవకాశం లెక్కకి అందనంత తక్కువ అని తేలాక, ఆ అసంభవాన్నే ఇంధనంగా వాడుకునే నౌకని పుట్టించాడు. రాతలోని ఇబ్బందిని కథలోని యంత్రంగా మార్చేశాడన్నమాట. ఇది తెలివి. కానీ నవల అనగానే మొదలూ నడుమా ముగింపూ కోరేవాళ్ళకి ఇది ఆనదు. మొదటి పుస్తకం మరీ హఠాత్తుగా ఆగిపోతుంది. గడువులన్నీ దాటిపోయాక, ఇప్పుడు రాస్తున్న పేజీ ముగించి ఇచ్చెయ్యమని ప్రచురణకర్తలు అడిగారని ఆడమ్స్ స్వయంగా చెప్పుకునేవాడు. మొదటి ఆరు ఎపిసోడ్లలో నాలుగింటి కథ మాత్రమే అందులోకి ఎక్కింది.

అందుకే మొదటి రెండు పుస్తకాలనీ ఒకటిగా చదవమనే పాఠకులతో నాకు పేచీ లేదు. పైగా వ్యంగ్యం పరంగా చూస్తే రెండోదే పదునైనదంటాను. గోల్గాఫ్రించం అనే గ్రహంవాళ్ళు తమలో పనికిరానివాళ్ళని వదిలించుకోవాలనుకుంటారు. గ్రహానికి ప్రళయం రాబోతోందని పుకారు పుట్టించి, మేనేజ్‌మెంట్ సలహాదారులు, బీమా ఏజెంట్లు, క్షురకులు, టెలిఫోన్లు శుభ్రం చేసేవాళ్ళు అందరినీ ఒక నౌకలో ఎక్కించి ముందు మీరు వెళ్ళండి, మేం వెనకే వస్తాం అని పంపేస్తారు. వెనక ఎవరూ రారు. మురికి టెలిఫోన్ నుంచి అంటుకున్న రోగంతో ఆ గ్రహంలో మిగిలినవాళ్ళంతా చస్తారు. పంపించేసినవాళ్ళు ఆదిమ కాలపు భూమి మీద దిగి, ఆకుల్ని కరెన్సీగా ప్రకటించి, అందరూ కోటీశ్వరులైపోయి ధరలు పెరిగాక, ఆకు విలువ నిలబెట్టడానికి అడవులు తగలబెడతారు. మన పూర్వీకులు వాళ్ళేనట. క్షురకులనీ టెలిఫోన్ తుడిచేవాళ్ళనీ పనికిరానివాళ్ళ జాబితాలో వేయడం ఇప్పుడు చదివితే గుచ్చుకుంటుందని కొత్త పాఠకులు అంటున్నారు. చేతిపని చేసి బతికే కులాలున్న దేశంలో అది ఇంకా గుచ్చుకోవాలి. అయితే ఆ జాబితా తయారు చేసిన గొప్పవాళ్ళే చచ్చారన్నది మరిచిపోతే ఆడమ్స్‌కి అన్యాయం చేసినట్టే.

గెలాక్సీ అధ్యక్షుడి ఉద్యోగం గురించిన వేళాకోళం కూడా ఈ పుస్తకాల్లోనే పండింది. రెండు తలల జేఫాడ్ బీబుల్‌బ్రాక్స్ పని అధికారం చలాయించడం కాదు, అధికారం ఎవరి దగ్గరుందో జనం చూడకుండా వాళ్ళ చూపు తన మీదికి లాగడం. అసలు పాలకుడు ఎక్కడో ఒక గుడిసెలో పిల్లిని పెట్టుకుని కూర్చున్నాడు. తను పాలిస్తున్నాడో లేదో కూడా అతనికి నమ్మకం లేదు. ముళ్ళపూడి వెంకటరమణ 'రాజకీయ బేతాళ పంచవింశతి' చదివి నవ్వినవాళ్ళకి ఇక్కడ ఆగి నవ్వాల్సింది చాలా ఉంది.

42 మీద పెద్ద పెద్ద సిద్ధాంతాలే ఉన్నాయి గానీ వాటి మీద ఎక్కువ కాలం గడపను. జీవితానికీ విశ్వానికీ సమస్తానికీ జవాబు చెప్పమంటే డీప్ థాట్ అనే కంప్యూటర్ 75 లక్షల ఏళ్ళు ఆలోచించి 42 అంటుంది. ప్రశ్న ఏమిటో కనుక్కోవడానికి ఇంకో కంప్యూటర్ కావాలి, దాని పేరు భూమి. చివరికి చేతికందిన ప్రశ్న ఆరు తొమ్ముల ఎంత అని. లెక్క తప్పు కదా అనుకున్న పాఠకులు 13 ఆధారంగా ఉన్న సంఖ్యా విధానంలో ఆరు తొమ్ములు 42 అవుతుందని పట్టుకున్నారు. అలాంటి లెక్కల్లో నేను జోకులు వేయనని ఆడమ్స్ కొట్టిపారేశాడు. ఏ ప్రత్యేకతా లేని ఒక చిన్న అంకె కావాలి, తట్టింది, రాశాను అన్నాడు. అంతటితో ఆగాల్సింది. అర్థం వెతక్కుండా ఉండలేని జాతి మీద వేసిన జోకుకి అర్థం వెతకడం ఆ జోకులో ఇంకో భాగమైపోయింది.

మూడో పుస్తకం దగ్గర అమెరికన్ పాఠకులు తడబడ్డారు. కారణం క్రికెట్. 'డాక్టర్ హూ' సీరియల్ కోసం ఆడమ్స్ అనుకుని తెరకెక్కని కథని తెచ్చి ఇక్కడ అతికించాడు. లార్డ్స్ మైదానంలో మ్యాచ్ జరుగుతుండగా తెల్ల రోబోలు దిగి యాషెస్ ఎత్తుకుపోతాయి. ఇంగ్లీషువాళ్ళు ఆడుకునే ఈ ఆట నిజానికి ఒక విశ్వ యుద్ధపు జ్ఞాపకమట, అంత ఘోరాన్ని ఆటగా ఆడుకుంటారా అని మిగతా గ్రహాలు ఇంగ్లీషువాళ్ళని ఛీ కొడుతున్నాయట. బ్యాటూ బంతీ వికెట్లూ ఏమిటో తెలియకపోతే ఇందులో సగం గాలికి పోతుంది. మన పాఠకుడికి ఆ అడ్డంకి లేదు. పైగా అడుగున ఉన్న కథ చిన్నది కాదు. క్రిక్కిట్ గ్రహం చుట్టూ దట్టమైన ధూళి మేఘం. అక్కడివాళ్ళు నక్షత్రాలని ఎప్పుడూ చూడలేదు, తమకి బయట ఇంకేదో ఉందన్న ఆలోచనే రాలేదు. ఒకనాడు మేఘం దాటి వచ్చి విశ్వాన్ని చూశారు. చూసి, ఇది ఉండడానికి వీల్లేదని తేల్చి యుద్ధానికి బయల్దేరారు. పాటలు పాడుకునే మంచి మనుషులు వాళ్ళు. దేశభక్తి పేరు ఎత్తకుండా దాని మీద రాసిన ఇంత మంచి వ్యంగ్యం అరుదు.

అగ్రజాగ్ కథ కూడా మూడో పుస్తకంలోదే. ఒక ప్రాణి జన్మ మీద జన్మ ఎత్తుతుంది. ఈగగా, కుందేలుగా, పూలకుండీగా. ప్రతి జన్మలోనూ తెలిసో తెలియకో ఆర్థర్ చేతిలోనో, ఆర్థర్ మూలానో చస్తుంది. ఆర్థర్‌కి గుర్తు లేదు, దానికి ప్రతిదీ గుర్తుంది. ఇంగ్లీషు పాఠకుడికి ఇది వింత ఊహ. కర్మఫలం, పూర్వజన్మ పగ వింటూ పెరిగిన తెలుగు పాఠకుడికి తెలిసిన కథే, కాకపోతే మనకి తెలిసిన కథలో పగకి లెక్క ఉంటుంది, శాపానికి విమోచనం ఉంటుంది. ఇక్కడ అదేమీ లేదు. ఒకడి ఏమరుపాటు ఇంకొకడికి తలరాత కావడం మాత్రమే ఉంది. ఇన్ని మంచి ముక్కలున్నా పుస్తకం మొత్తంగా బరువుగానే నడుస్తుంది. విశ్వాన్ని కాపాడే ప్లాటు ఒకటి ఉంది కాబట్టి పాత్రలు దాని వెంట పరుగెత్తాలి, గైడ్‌కి కబుర్లు చెప్పే తీరిక చిక్కదు. అయిదింట్లో నాకు బలహీనంగా కనిపించేది ఇదే. పాఠకుల్లో ఎక్కువమంది తిట్టేది మాత్రం నాలుగోదాన్ని.

ఆ నాలుగో పుస్తకం బయటికి రావడంలో మనవాడి చెయ్యి ఉంది. ఢిల్లీలో పుట్టిన సోనీ మెహతా అప్పుడు పాన్‌లో సంపాదకుడు. ఆడమ్స్ రాయడం లేదని చూసి, లండన్‌లో హోటల్ గదులు తీసుకుని తనూ అక్కడే మకాం పెట్టి, పక్కన కూర్చోబెట్టి కొన్ని వారాల్లో రాయించాడు. ఆ తొందర పుస్తకంలో కనిపిస్తుంది, కాదనలేం. భూమి తిరిగి వచ్చేస్తుంది, ఎలా వచ్చిందో సరిగా చెప్పరు. ఆర్థర్ ప్రేమలో పడతాడు. ఫెన్‌చర్చ్ అనే ఆ అమ్మాయితో లండన్ మీద గాల్లో ఎగురుతాడు. అంతరిక్షం ఎక్కడ, గైడ్ ఎక్కడ, మార్విన్ ఎక్కడ అని పాత అభిమానులు గొణిగారు. జేఫాడ్ లేనే లేడు. నిరాశ తప్ప మరోటి తెలియని రోబో మార్విన్ ఆఖర్లో వస్తాడు, సృష్టికర్త తన సృష్టికి వదిలివెళ్ళిన చివరి సందేశం చదివి తృప్తిగా చచ్చిపోతాడు. ఆ సందేశం సికింద్రాబాద్ స్టేషన్లో రైలు ఆలస్యమైనప్పుడు మైకులో వచ్చే క్షమాపణ లాంటిదే. ఆ ఒక్క సన్నివేశానికి పుస్తకాన్ని క్షమించేవాళ్ళు చాలామంది. నేను ఇంకొంచెం ముందుకెళ్తాను. ఇంత వరసలో ఇద్దరు మనుషులు ఒకరి మాట ఒకరు నిజంగా వింటున్నట్టు కనిపించేది ఇక్కడే. నవ్వు తగ్గిందని చదవడం మానేసినవాళ్ళు నష్టపోయారు.

ఆ ఫెన్‌చర్చ్ అయిదో పుస్తకంలో ఉండదు. ఆర్థర్ పక్క సీట్లో కూర్చుని నౌకలో వెళ్తూ వెళ్తూ, ఒక దూకులో మాయమైపోతుంది. దానికి ఒక పేరా కూడా సరిగా ఖర్చు పెట్టలేదు ఆడమ్స్. పాఠకుల కోపానికి ఇదే మొదటి కారణం, రెండోది ముగింపు. వోగన్లు మళ్ళీ వచ్చి, ఈసారి అన్ని విశ్వాల్లోనూ ఉన్న అన్ని భూముల్నీ ఒకేసారి తుడిచేస్తారు. ఆర్థర్, ఫోర్డ్, మొదటి పుస్తకం నుంచీ వాళ్ళతో నౌకలో ఉన్న ట్రిలియన్, ఆమె కూతురు రాండమ్ ఉన్న చోట ఉండగానే అంతా అయిపోతుంది.

కోపం న్యాయమే. కానీ ఆ పుస్తకంలో దుర్మార్గుడు ఎవరో చూడాలి. గైడ్ సంస్థని ఇన్ఫినిడిమ్ అనే పెద్ద కంపెనీ కొనేస్తుంది. పాత గైడ్‌ని రాసిన తిరుగుబోతులూ తాగుబోతులూ పోయి ఆఫీసు నిండా లెక్కలవాళ్ళు కూర్చుంటారు. కొత్తగా గైడ్ రెండో నమూనా వస్తుంది. నల్లటి పక్షి రూపం, అన్ని విశ్వాలనీ ఒకేసారి చూడగలదు, చేతిలో పట్టుకున్నవాడికి కోరినదల్లా సమకూర్చిపెడుతుంది. నిజానికి ప్రతి అడుగూ వాళ్ళని ముగింపు వైపే నడిపిస్తుంది. దాని వెనక ఉన్నది వోగన్లే. పద్నాలుగేళ్ళుగా పాఠకుడికి తోడుగా ఉన్న గొంతుని ఆడమ్స్ శత్రువుకి అమ్మేశాడు. పుస్తకం పేరు కూడా గైడ్ నుంచే తీసుకున్నాడు. భూమి గురించి ఫోర్డ్ పదిహేనేళ్ళు తిరిగి రాసిన సమాచారమంతా సంపాదకులు కోసేస్తే మిగిలిన రెండు మాటలు, చాలావరకు హానిలేనిది అని. ఆ మాటలే అట్ట మీదికెక్కాయి. తను కనిపెట్టిన సరుకుతో విసిగిపోయిన రచయిత దాన్ని తన చేతుల్తో మూసేసిన తీరిది. నాకు ఇందులో పాఠకుడి మీద ద్వేషం కనిపించలేదు, అలసట కనిపించింది. ఆ ఏడాది తనకి బాగా గడవలేదని, పుస్తకం అందుకే అంత చీకటిగా వచ్చిందని, ఇంకో పుస్తకం రాసి కాస్త వెలుగుతో ముగించాలని ఉందని తర్వాత ఆడమ్స్ ఒప్పుకున్నాడు కూడా.

ఆ కోరికని ఇతరులు పట్టుకున్నారు. 2004, 2005ల్లో డర్క్ మాగ్స్ మిగిలిన మూడు పుస్తకాలనీ రేడియోకి మార్చినప్పుడు ఆఖరి ఎపిసోడ్‌ని మెత్తబరిచాడు, ఫెన్‌చర్చ్‌ని వెనక్కి తెచ్చాడు. అగ్రజాగ్ గొంతు ఆడమ్స్‌దే, ఆడియో పుస్తకం కోసం ముందే రికార్డు చేసినది. పుస్తకం ముగింపు భరించలేనివాళ్ళు ఈ రేడియో ముగింపునే అసలుదిగా తీసుకుంటారు. 2005లో వచ్చిన సినిమా గురించి పాఠకులు తిట్టుకున్నంత నేను తిట్టను, ప్రస్తుతానికి దాని జోలికే పోను.

స్త్రీ పాఠకులు తరచూ ఎత్తిచూపే లోపం ఒకటుంది, దానికి ఆడమ్స్ వీరాభిమానుల దగ్గర సరైన జవాబు లేదు. ట్రిలియన్ ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞురాలు. నౌకలో అందరికన్నా తెలివైన మనిషి ఆమే. మొదటి రెండు పుస్తకాల్లో ఆమె చేసే పని జేఫాడ్‌ని చూసి నిట్టూర్చడం. భూమి పోయిందన్న దుఃఖం ఆర్థర్‌కి ఉంటుంది, ఆమెకీ పోయిందన్న సంగతి కథకి గుర్తుండదు. అయిదో పుస్తకంలో ఆమెకి పెద్ద పాత్ర ఇచ్చాడు, కూతుర్ని వదిలేసి ఉద్యోగం చూసుకునే తల్లిగా. అది దిద్దుబాటు కాదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ పుస్తకాలు ఇంటి దేవుళ్ళు. ఐబీఎమ్ డీప్ బ్లూకి ముందు తరం చదరంగం యంత్రానికి డీప్ థాట్ అని పేరు పెట్టారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో దాన్ని తయారు చేసిన జట్టులో థామస్ అనంతరామన్ ఉన్నాడు. 1997లో ఆల్టావిస్టా తన అనువాద సేవకి, చెవిలో పెట్టుకుంటే ఏ భాషైనా అర్థమయ్యే ఆడమ్స్ చేప పేరే పెట్టుకుంది. 2018 ఫిబ్రవరిలో ఎలాన్ మస్క్ అంతరిక్షంలోకి వదిలిన కారు తెర మీద కూడా కంగారు పడొద్దనే రాసి ఉంది. జోస్యం చెప్పాడయ్యా అని వీళ్ళు మురిసిపోతారు. ఏం చెప్పాడో చూశారా అని అడగాలనిపిస్తుంది. తెరుచుకున్నందుకు ఆనందంతో నిట్టూర్చే తలుపులు, అడిగిన టీ తప్ప ఇంకేదో ఇచ్చే యంత్రం, బతికినన్నాళ్ళూ సంతోషం నటించే కంప్యూటర్, వీటన్నిటినీ అమ్మే సిరియస్ సైబర్నెటిక్స్ అనే కంపెనీ ఆడమ్స్‌కి పరమ శత్రువు. ఉన్న ప్రపంచం నచ్చని మహా ధనికులకి సొంత గ్రహాలు చేసిపెట్టిన మాగ్రాథియా మీద కూడా అతనికి గౌరవమేం లేదు. తన మీద వేసిన జోకుని టీషర్టు మీద అచ్చు వేయించుకున్న పాఠకుడు మరే వ్యంగ్య రచయితకీ ఇంతగా దొరికి ఉండడు.

తెలుగులో హాస్యం చదివి పెరిగినవాళ్ళు ఆర్థర్‌ని చూడగానే బారిస్టర్ పార్వతీశాన్ని తలుచుకోవడం సహజం. ఒకడు తుర్కీ టోపీతో ఓడెక్కాడు, ఇంకొకడు డ్రెస్సింగ్ గౌనుతో నక్షత్రాల్లోకి వెళ్ళాడు. ఇద్దరికీ చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు. పోలిక మరోచోట కూడా కుదురుతుంది. పార్వతీశం మొదటి భాగం 1924లో వచ్చింది, మిగతా రెండు భాగాలు దశాబ్దాల తర్వాత. జనం గుర్తు పెట్టుకున్నది మొదటిదాన్నే. అయితే మొక్కపాటివారి హీరో నేర్చుకుంటాడు, ఎదుగుతాడు. ఆర్థర్ అయిదు పుస్తకాల్లో నేర్చుకున్నది శాండ్‌విచ్‌లు చేయడం. దాంతోనే ఒక మారుమూల గ్రహంలో ఊరంతా గౌరవించే మనిషవుతాడు. ఆ అధ్యాయాలని విసుగన్నవాళ్ళున్నారు, నాకవే వరస మొత్తంలో అతను సుఖపడిన రోజులు.

ఇక ఆరోది. ఆడమ్స్ పోయేనాటికి కంప్యూటర్లలో మిగిలిన ముక్కలు 2002లో 'ద సామన్ ఆఫ్ డౌట్' పేరుతో వచ్చాయి. అది మరో డిటెక్టివ్ వరసకి చెందిన నవల, దాన్ని హిచ్‌హైకర్ పుస్తకంగా మార్చాలని అతనికి ఆలోచన ఉండేది. 2009లో ఆడమ్స్ భార్య జేన్ బెల్సన్ అనుమతితో ఐరిష్ రచయిత ఓయిన్ కోల్ఫర్ 'అండ్ అనదర్ థింగ్' రాశాడు. అభిమానులు రెండుగా చీలారు. ఆర్థర్‌ని ఆ బూడిదలోంచి తీసినందుకే చాలని కొందరు, ఇంకొకరి ఇంట్లో కుర్చీలు సర్దినట్టుందని కొందరు. కోల్ఫర్‌కి కథ నడపడం ఆడమ్స్ కన్నా బాగా వచ్చు. పాత్రలు తప్పిపోవు, ముడులు విడిపోతాయి. గైడ్ వ్యాఖ్యలు కూడా పేజీ పేజీకీ ఉన్నాయి, అవసరానికి మించే ఉన్నాయి. రెండు వందల పేజీలు దాటేసరికి అవి వచ్చినచోట చూపు కింది పేరాకి దూకడం మొదలుపెడుతుంది. ఆడమ్స్ చెత్త పుస్తకంలో కూడా నేను ఆ పని చేయలేదు.